చెప్పుకోదగ్గ బాధేం లేదు

స్కెల్‌థోర్ప్, లింకన్‌షైర్
6 ఫిబ్రవరి 1977

బెరిల్ అక్కా,

నువ్వు పంపిన పొగబెట్టిన చేపలు అందాయి. పోస్టాయన గేటు తీయకముందే వాసన వచ్చేసింది. పక్కింటి పిల్లి రెండు రోజులుగా మా గుమ్మంలోనే కాపరం.

ఇక్కడ చర్చి కప్పు మళ్ళీ కారుతోంది. ఈ ఏడు రాణిగారు గద్దెనెక్కిన పాతికేళ్ళ పండగ కదా, ప్రతి ఊరూ ఏదో ఒకటి అచ్చు వేయించి అమ్ముతోంది. మా మహిళా మండలి కూడా ఆ కప్పు ఖర్చుకి గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి వేయిద్దామని తీర్మానించింది. దాని మీద ఇంటికొక సామెత, కింద ఆ ఇంటివాళ్ళ పేరు. ఇల్లిల్లూ తిరిగి సామెతలు పోగుచేసే పని నా నెత్తిన పడింది. ఆ రోజు నేను మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాను, అదీ నా నేరం.

నలభై మూడు చీటీలొచ్చాయి. వాన మీదైనా, పెళ్ళి మీదైనా, కోడిపెట్టల మీదైనా ఫర్వాలేదని నోరు నొప్పెట్టేలా చెప్పాను. కూర్చుని విడదీస్తే ముప్ఫై నాలుగింట్లో ఒకటే సంగతి: సర్దుకుపో. రొట్టెల షాపు మిసెస్ టూన్ ‘ఒలికిన పాలకి ఏడ్చి లాభం లేదు’ అని రాసింది. బడి పంతులుగారిది ‘తుపాకి గుండు పంటికింద పెట్టుకుని కానిచ్చెయ్’. పూర్వం మత్తు లేకుండా కాలు కోసేటప్పుడు సిపాయిలు అలా చేసేవాళ్ళట, వెనకాల ఆ కథ కూడా రాశారు. ‘నవ్వుతూ భరించు’ అని ముగ్గురు రాశారు, ఆ ముగ్గురూ నవ్వగా నేనింతవరకూ చూడలేదు. ‘పరుచుకున్న పక్క మీదే పడుకోవాలి’ అని రాసిందెవరో చెప్పనా? మా వీధి చివరింటి పిల్ల గిల్. పెళ్ళయి నాలుగు నెలలు కాలేదు. ఇక ‘సముద్రం మీద ఇంతకంటే ఘోరాలు జరుగుతాయి’ అని ఐదిళ్ళవాళ్ళు రాశారు. ఆ ఐదుగురిలో ఒక్కడూ మోకాలి లోతు సముద్రం దాటి ఎరగడు.

మా ఆయన్ని కూడా అడిగాను.

“నీదేమిటి సిరిల్?”

“చెప్పుకోదగ్గ బాధేం లేదు.”

“అది సామెత కాదు. పొద్దున్నే లేచి నువ్వు వాగే మాట.”

“మరైతే అదే రాసుకో.”

రాసుకున్నాను. కానీ అక్కా, నాకు నవ్వు రాలేదు. కుడి తుంటి ఎంత పాడైందంటే మేజోడు తనంతట తను వేసుకోలేడు, నేనే వేస్తున్నాను. నిచ్చెన ఎక్కి ఏడాదైంది. వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చుని చిన్నచిన్న పెట్టెలు చేస్తున్నాడు, ముప్ఫై ఐదేళ్ళు ఊళ్ళో కప్పులన్నీ వేసిన వడ్రంగి. నవంబరులో డాక్టర్ పెటిఫర్ దగ్గరికి పంపాను. ఆయన “ఎలా ఉన్నావు సిరిల్?” అన్నారట. ఈయన “బాగానే ఉన్నానండీ, చెప్పుకోదగ్గ బాధేం లేదు” అన్నాడట. డాక్టరుగారు అదే కాగితం మీద పెట్టి పట్నం ఆసుపత్రికి పంపారు. మొన్న జవాబొచ్చింది: తుంటి ఆపరేషన్‌కి తొందర లేనివాళ్ళ జాబితాలో చేర్చారు, రెండేళ్ళు పట్టచ్చు. అది చదివి ఆయన ఏమన్నాడో తెలుసా? “పాపం, మనకంటే అవసరమున్నవాళ్ళు ఉంటారు కదా” అన్నాడు.

రెండేళ్ళకి ఆయన కుర్చీలోంచి లేవడు. నాకది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. ఏం చెయ్యమంటావు? నీ సామెత కూడా ఒకటి పంపు, ఊరిదానివి కాకపోయినా వేస్తాను.

నీ డోరీన్

—

విట్బీ
15 ఫిబ్రవరి

డోరీకి,

ముందు ఆ ఐదిళ్ళవాళ్ళకీ నా మాటగా చెప్పు. మా ఆయన వాల్ట్ ఇరవై రెండేళ్ళు చేపల పడవ మీద తిరిగాడు. సముద్రం మీద ఆయనకి జరిగిన ఘోరమల్లా వంటవాడు చేసే పులుసు. చచ్చిపోయింది నేల మీద. ఆదివారం పూట, మంచి బూట్లు వేసుకుని, చర్చి మెట్ల మీద మంచుకి జారి. ఘోరాలన్నీ గట్టు మీదే జరుగుతాయి. అది వేసుకోమను గుడ్డ మీద.

ఇక నీ మొగుడి సంగతి. అడగందే అమ్మైనా పెట్టదు. డాక్టరు పెడతాడా? ఆయన ఎలా ఉన్నావంటే మర్యాదకి అనలేదు, తెలుసుకోడానికి అన్నాడు. వీధిలో పలకరించినవాడికి చెప్పే జవాబు డాక్టరుకి చెబితే ఎలా? పెద్ద అక్షరాలతో ఒక అట్టముక్క మీద రాయి: మేజోడు వేసుకోలేను, నిచ్చెన ఎక్కలేను, నిద్ర లేదు, వంద అడుగులు నడిస్తే ఆగాలి. టోపీ లోపల పిన్ను పెట్టి గుచ్చు. లోపలికెళ్ళగానే చదవమను. చదవడానికి సిగ్గయితే డాక్టరు చేతికిచ్చి కిటికీలోంచి బయటికి చూడమను. నువ్వే లోపలికి వెళ్ళచ్చు కదా అంటే, అక్కడ పెళ్ళాలు వెళ్ళరంటావు. తెలుసులే, ఇక్కడా అంతే.

చిన్నప్పటి నుంచీ నువ్వంతే, పక్కనుంచి గొణుగుతావు, ముందుకెళ్ళి అడగవు. ఈసారి అడుగు.

నాకేం, మామూలే. చలికి ఎడమ చెయ్యి కాస్త పట్టేసింది. అల్లిక కొన్నాళ్ళు పక్కన పెట్టాను. గుడ్డ మీదకి నాది ‘నయం కానిదాన్ని భరించక తప్పదు’ అని వేసుకో. అమ్మ అనేది, గుర్తుందా?

బెరిల్

—

స్కెల్‌థోర్ప్
20 మార్చి

అక్కా,

అట్టముక్క రాశాను. నువ్వు చెప్పిన నాలుగూ రాసి, బూటు లేసులు కట్టుకోలేను అని ఐదోది నేను చేర్చాను. టోపీ లోపల గట్టిగా గుచ్చాను. దారి పొడుగునా అప్పజెప్పించుకున్నాను. డాక్టరుగారి దగ్గర బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నా సిగ్గుపడలేదు. ఈయన పేరు పిలిచారు. లేచి, కర్ర పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, నీ మరిది ఏం చేశాడో చెప్పు?

టోపీ తీసి మేకుకి తగిలించి లోపలికి వెళ్ళాడు.

పరాయి ఇంట్లోకి టోపీతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ ఐదో ఏట నేర్పింది. అరవై ఒకటో ఏట కూడా మరిచిపోలేదు మహానుభావుడు. తలుపు పడింది. నేను అరుద్దామనుకున్నాను. కానీ అందరూ ఉన్నారు కదా. ఆ మేకు కేసి చూస్తూ కూర్చున్నాను.

ఆరు నిమిషాల్లో బయటికొచ్చాడు. బస్సు కోసం నడుస్తూ అడిగాను.

“ఏమన్నారు?”

“వాళ్ళమ్మగారు పోయిన దగ్గర్నుంచీ డాక్టరుగారు బాగా చిక్కిపోయారు.”

“నేనడిగింది నీ తుంటి సంగతి.”

“ఆవిడ శవపెట్టె నేనే కదా చేసింది. పిడులు బావున్నాయన్నారు. అంత దుఃఖంలో ఉన్న మనిషి దగ్గర నా తుంటి గోల ఏం చెప్పను డోరీన్?”

“ఎలా ఉన్నావని అడగలేదా?”

“అడిగారు.”

“ఏం చెప్పావు?”

ఆ జవాబు నేను మళ్ళీ రాయక్కర్లేదు.

ఇంటికొచ్చి సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. కోపంతో ఏడ్చాను అక్కా, జాలితో కాదు. తేలు కుట్టిన దొంగలా బాధంతా మింగి కూర్చుంటే అది గొప్ప అని ఈ ఊళ్ళో ఎవరు చెప్పారు? మిసెస్ టూన్‌కి జరిగింది చెబితే “పోనీలే, ఎంత ఓర్పు మీ ఆయనకి!” అంది. ఇంకొకామె “ఏం చేస్తాం, అంతే మరి” అంది. ఇళ్ళ నుంచి పోగుచేసిన చీటీలన్నీ ఇప్పుడు ఎదురు తిరిగి నా మొహాన కొడుతున్నాయి.

మా మనవడికి స్వెటర్ అందింది. సరిపోయింది. కానీ మెడ దగ్గర షాపు చీటీ ఉంది. కొన్నావా? నువ్వా? వాల్ట్ బావ పోయిన వారంలో కూడా అల్లిక ఆపని మనిషివి. చెయ్యి ఇంకా పట్టేసే ఉందా?

డోరీన్

—

విట్బీ
4 ఏప్రిల్

డోరీకి,

షాపుల్లో ఇప్పుడు మంచివే వస్తున్నాయి. స్వెటర్ స్వెటరే. మెడలో చీటీ వెతకడం మాని మీ ఆయన్ని చూసుకో.

ఆ టోపీ సంగతి చదివి అరగంట నవ్వాను, తర్వాత నవ్వినందుకు బాధపడ్డాను. విను, మనం తప్పు దారిన వెళ్ళాం. ఆయనకి తన గురించి మాట్లాడటం రాదు. కానీ తలుపు గురించి అడుగు, గంటసేపు చెబుతాడు. మా వంటింటి తలుపు నేలకి రాసుకుంటోందని ఒకసారి అన్నాను, నా టీ చల్లారిపోయే దాకా కీళ్ళ గురించే చెప్పాడు. నువ్వు ఆయన్ని మార్చలేవు. డాక్టరుని మార్చు. ఒక్కదానివే వెళ్ళి, ‘ఎలా ఉన్నావు’ అని మాత్రం అడక్కండి బాబూ అని చెప్పు. తుంటిని కీలనుకుని అడగమను. వెళ్ళడానికి భయమైతే నేను ఎదురుగా కూర్చుని తిడుతున్నాననుకో.

ఈ మే సెలవులకి రాలేను. ఇంటికి సున్నం వేయిస్తున్నాను. పక్కింటి మిసెస్ ఏగర్ నువ్వెలా ఉన్నావని అడిగింది. ఆవిడకి ఉన్న పనల్లా అందరినీ అడగడమే.

బెరిల్

—

స్కెల్‌థోర్ప్
12 జూన్

అక్కా,

పనయ్యింది! ఆపరేషన్ సెప్టెంబరులో. నిన్ననే కాగితం వచ్చింది. సావకాశంగా చెబుతాను, టీ పెట్టుకుని చదువు.

నేను ఒంటరిగా వెళ్ళాను. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను కూడా. లోపలికెళ్ళి, “మా ఆయన మీకు అబద్ధం చెబుతున్నాడండీ, ఏడు నెలలుగా చెబుతున్నాడు” అన్నాను. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “నేనూ అదే ఊళ్ళో పుట్టానమ్మా, నాకు తెలిసుండాల్సింది” అన్నారు. మంచివాడు.

ఆ వారమే శుక్రవారం సాయంత్రం మా వర్క్‌షాపుకి వచ్చారు, మందుల గది తలుపు సరిగా పడటం లేదని. నేను పక్కన బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడ్డాను. సిరిల్ ఇక మొదలుపెట్టాడు. బరువంతా పై కీలు మీద పడుతుందండీ, అది అరిగితే తలుపు వంగుతుంది, వంగిన తలుపుని తోస్తే చట్రం పోతుంది, అప్పుడు కీలు ఒక్కటీ మారిస్తే సరిపోదు. పదిహేను నిమిషాలు. డాక్టరుగారు ఓపిగ్గా విని, “సిరిల్, నీ తుంటి ఒక కీలైతే, ఆ తలుపు ఎవరైనా నీ దగ్గరికి తెస్తే ఏం చెబుతావు?” అన్నారు.

 సిరిల్ చేతిలో రంపప్పొట్టు నలిపాడు.

“ఇన్నాళ్ళు ఎందుకు తేలేదు, బుద్ధిలేదా అంటానండీ” అన్నాడు.

అంతే, ఆ తర్వాత ఆగలేదు. క్రిస్మస్ నుంచీ మంచం మీద పడుకోవడం లేదట, పొయ్యి చూసుకుంటానని నాకు చెప్పి కుర్చీలోనే ఉంటున్నాడట. చర్చికి వెళ్ళేటప్పుడు సమాధుల దగ్గర ఆగేది పేర్లు చదవడానికి కాదట, అడుగు పడక. నాకు ముప్ఫై మూడేళ్ళుగా తెలిసిన మనిషి, తన గురించి అంతసేపు మాట్లాడటం మొదటిసారి విన్నాను, అదీ పక్క దుప్పటి చాటునుంచి. దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇదంతా నీ చలవే అక్కా.

ఇక రెండో సంగతి. మిసెస్ ఏగర్ నాకు ఉత్తరం రాసింది. తప్పో ఒప్పో తెలియక రాస్తున్నానంది. నువ్వు ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తడం లేదట. బట్టలు ఆవిడే ఆరేస్తోందట. మొన్న వీధిలో నీతో మాట్లాడుతూ చెయ్యి తగిలితే నీ మొహం తెల్లగా పాలిపోయిందట. సున్నం వేసేవాళ్ళెవరూ మీ ఇంటికి రాలేదట.

ఏమైంది? నాకు వంకరగా అడగడం వచ్చు, నీ చేత తిట్లు తిని తిన్నగా అడగడం నేర్చుకున్నాను. ఏమైంది?

డోరీన్

—

విట్బీ
17 జూన్

డోరీ,

నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది, పోస్టులో వేసేస్తాను.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. క్రిస్మస్ ముందు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, అప్పుడు చిన్న కాయంత. ఇప్పుడు పెద్దదైంది, చంక కింద కూడా ఉంది. నొప్పి ఫిబ్రవరి నుంచీ.

ఫిబ్రవరి మొదట్లో దగ్గుకి మా కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దగ్గు వంకే, చూపిద్దామనే వెళ్ళాను. ఆయన మందు రాసి, “ఇంకేమైనా ఉందా మిసెస్ స్టోర్?” అన్నాడు. “లేదు డాక్టర్, చెప్పుకోదగ్గదేం లేదు” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. కోటు గుండీలు పెట్టుకుని వచ్చేశాను. మర్నాడో, ఆ మర్నాడో నీ ఉత్తరం. కూర్చుని మీ ఆయన్ని తిడుతూ అట్టముక్కలు రాయించాను. ఎదుటివాళ్ళకి చెప్పడానికే కదా నీతులు.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. ఇప్పుడు వెళ్ళి ఏం లాభం? అరవై నాలుగేళ్ళు. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఎవరికీ భారం కాకుండా వెళ్ళిపోతే చాలు. ఒప్పుకున్నాను, మనసుకి చెప్పుకున్నాను. నువ్వు రావద్దు, హడావిడి చెయ్యద్దు.

ఇంకొకటి చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేను. అమ్మకీ ఇదే. గుండె జబ్బని నీకు చెప్పాం, నీకప్పుడు పదిహేడేళ్ళు. ఏడాదిన్నర దాచింది. ఫ్లానెల్ గుడ్డ మడతపెట్టి లోపల పిన్ను పెట్టుకునేది. చివర్లో నేను ఒళ్ళు తుడుస్తుంటే బయటపడింది. అప్పుడు కూడా నా మొహం చూసి, ‘నయం కానిదాన్ని భరించక తప్పదు బెరిల్’ అంది. నయమయ్యేదో కాదో ఎవరినీ అడగలేదు. నేను ఆ గుడ్డలు పెరట్లో కాల్చేశాను.

భయంగా ఉంది డోరీ. ఒప్పుకున్నానని పైన రాసింది అబద్ధం.

అక్క

—

స్కెల్‌థోర్ప్
20 జూన్

వదినగారికి,

నేను ఉత్తరాలు రాయను. మీకు తెలుసు. తప్పులుంటే క్షమించాలి.

మీ ఉత్తరం చదివి డోరీన్ వంటింట్లో కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. తను వస్తానంటోంది. నేను వద్దన్నాను. తను వస్తే ఏడుస్తుంది. మీరు ఊరుకోబెడతారు. టీ పెడతారు. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళరు. అందుకని నేను వస్తున్నాను. గురువారం నాలుగున్నర రైలుకి దిగుతాను. శుక్రవారం పొద్దున్న డాక్టరు దగ్గరికి వెళదాం. గది లోపలికి కూడా వస్తాను. ఎవరేమనుకున్నా సరే. మీరు మాట్లాడక్కర్లేదు. మీకు రాదు. నాకూ రాదు గానీ నేను ఈమధ్య నేర్చుకున్నాను.

మూడు రైళ్ళు మారాలి. నా తుంటి గురించి మీరు ఏదో అంటారు. అది సెప్టెంబరు దాకా ఆగుతుంది. మీది ఆగదు.

మిసెస్ ఏగర్‌కి డోరీన్ ఫోను చేసింది. నేను వాళ్ళింట్లో పడుకుంటాను. మీరు తలుపు తీయకపోతే కీళ్ళు ఊడదీస్తాను. పనిముట్లు తెస్తున్నాను.

సిరిల్ మాల్ట్‌బీ

—

విట్బీ
25 జూన్

డోరీ,

మీ ఆయన్ని ఈ పొద్దున్న రైలెక్కించాను. మిసెస్ ఏగర్ దారిలోకి మాంసం రొట్టె కట్టిచ్చింది, పైగా సగం ఊరు సాగనంపడానికి వచ్చింది.

గురువారం స్టేషన్‌లో దిగిన మనిషి మొహంలో రక్తం లేదు. కొండెక్కి మా ఇంటికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. కారు పిలుస్తానంటే వినలేదు. చేతిలో నిజంగానే పనిముట్ల సంచి. నేను తలుపు తెరిచే ఉంచాను, అది చూసి కాస్త నిరాశపడ్డాడనుకుంటా.

డాక్టరు దగ్గర ఆయన నాతో లోపలికి వస్తుంటే బల్ల దగ్గరమ్మాయి ఆపింది.

“మీరు ఈవిడ భర్తా?”

“కాదు. మరిదిని. పక్కకి జరుగు తల్లీ.”

లోపల కుర్ర డాక్టరు లేచి నిలబడి, “ఎలా ఉన్నారు మిసెస్ స్టోర్?” అన్నాడు. నమ్ముతావా డోరీ, అంత దూరం నుంచి వచ్చిన మనిషి పక్కన కూర్చుని ఉండగా, నా నోట్లోంచి అదే వచ్చింది. “ఫర్వాలేదు డాక్టర్, చెప్పుకోదగ్గ...”

సిరిల్ కర్రతో నేల మీద ఒక్కటిచ్చాడు. గోడ మీద పటం కదిలింది.

“ఆవిడ మాట నమ్మకండి సార్! ఆవిడకి బాధుంది. క్రిస్మస్ నుంచీ ఉంది. గడ్డ ఉంది, చంక కింద కూడా ఉంది, చెయ్యి లేవదు, నిద్ర లేదు, వాళ్ళమ్మ దీంతోనే పోయింది, ఆవిడకి భయంగా ఉంది. ఇవన్నీ రాసుకోండి. రాసుకున్నారా? చదవండి, వింటాను.”

ఆ అబ్బాయి చదివి వినిపించాడు కూడా. తర్వాత సిరిల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు, డాక్టరు నన్ను పరీక్ష చేశాడు. ఆసుపత్రికి అప్పటికప్పుడే ఫోను చేశాడు. సోమవారం చేరాలి, బుధవారం ఆపరేషన్. ఆలస్యమైంది అన్నాడు, మరీ ఆలస్యమైందా లేదా కోసి చూస్తే గానీ చెప్పలేనన్నాడు. ఇదీ ఉన్నమాట. నీ దగ్గర దాచడం మానేశాను.

బయటికొచ్చాక సిరిల్ సముద్రం ఒడ్డున బల్ల మీద కూలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అంత పెద్ద గొంతుతో జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదట.

బెరిల్

—

స్కెల్‌థోర్ప్
27 జూన్

అక్కా,

ఇది ఆసుపత్రికి రాస్తున్నాను. ఆపరేషన్ లోపే నీ చేతికి అందాలని సిరిల్ చేత పెద్ద పోస్టాఫీసుకి పంపిస్తున్నాను.

నీ మీద కోపంగా ఉంది, ఆపరేషన్ ముందు రాయకూడదేమో గానీ రాస్తున్నాను. అమ్మ సంగతి నలభై ఏళ్ళు దాచావు. నేను మెట్లు ఎక్కినప్పుడల్లా గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకునేదాన్ని, అమ్మ గుండె నాకూ వచ్చిందేమోనని. నలభై ఏళ్ళు వెతకాల్సిన చోటు వదిలేసి వేరే చోట వెతుక్కున్నాను. ఈ పొద్దున్న డాక్టర్ పెటిఫర్ దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాను. ఏం లేదన్నారు. అదృష్టం. మన ఇద్దరిలో నీకు వచ్చింది, నాకు రాలేదు, ఆ మాట రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

పదిహేడేళ్ళదాన్ని అప్పుడు. నన్ను కూడా ఆ గదిలోకి రానిచ్చి ఉంటే అమ్మ ఒళ్ళు నేనూ తుడిచేదాన్ని కదా. నువ్వొక్కదానివే ఎందుకు మోశావు? నాకు కోపం దానికి.

గుడ్డలు అచ్చయి వచ్చాయి. మాకొచ్చిన గుడ్డలో నీ సామెత ఉన్న మూల నేను కత్తిరించి పొయ్యిలో వేశాను. మిసెస్ టూన్ చూసి ఏదో అనబోయింది. ‘ఏం చేస్తాం, అంతే మరి’ అన్నాను.

బుధవారం పొద్దుటి నుంచీ ఫోను పక్కనే ఉంటాను. శనివారం నేను వస్తున్నాను. వద్దనకు.

నీ చెల్లెలు

—

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
9 జూలై

డోరీ,

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇక్కడ పళ్ళ బుట్టలు మిగిలిపోతున్నాయి. నువ్వు తెచ్చిన ఎండుద్రాక్ష రొట్టె ఎదురు మంచంలో ఆవిడ తినేసింది, కడుపు ఆపరేషన్ మనిషి, తినకూడదు.

పెద్ద డాక్టరు నిన్న వచ్చాడు. రొమ్ముతో పాటు చంక కింద గడ్డలన్నీ తీశామన్నాడు. కిరణాల వైద్యం ఆరు వారాలు. మళ్ళీ వస్తుందా రాదా అంటే, రెండేళ్ళు గడిస్తే కొంత ధైర్యంగా చెప్పగలనన్నాడు. ఆర్నెల్ల ముందు వచ్చుంటే బావుండేదా అని అడిగాను. బావుండేదన్నాడు. అడిగినందుకు నాకు బాధ లేదు. తెలిసింది.

చెప్పాలనుకున్నది వేరే. ఈ వార్డులో పన్నెండు మంచాలు. రోజూ ఏడింటికి పెద్ద నర్సు ఒక చివర నుంచి మొదలుపెడుతుంది. “ఎలా ఉన్నారు?” అంటుంది. “ఫర్వాలేదమ్మా.” పక్క మంచం. “బాగానే ఉన్నాను.” పక్క మంచం. “మీరు చాలా పనిలో ఉన్నారు, నాదేం లేదులెండి.” పన్నెండూ అయ్యేసరికి నాలుగు నిమిషాలు పట్టదు. కడుపు కోసినవాళ్ళూ, కాలు తీసేసినవాళ్ళూ అందరూ దివ్యంగా ఉంటారు. నర్సు పెన్ను మూత కూడా తీయదు.

నాది ఏడో మంచం. ఇవాళ పొద్దున్న నా దగ్గరికి వచ్చి అడిగింది. ఆ మాట నాలిక చివర్లోనే ఉంది. మింగాను. “నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. రాత్రి నుంచీ ఉంది” అన్నాను.

 నేనేదో బూతు మాట అన్నట్టు అందరూ నా కేసి చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. నర్సు ఆగి, పెన్ను తీసి, ఎక్కడ అని అడిగింది. చెప్పాను.

అప్పుడు ఎనిమిదో మంచంలో మిసెస్ ప్రౌడ్, వారం రోజుల్లో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, దుప్పటి కిందనుంచి, “నాక్కూడా” అంది.

తర్వాత పదకొండో మంచం. తర్వాత వెనక్కి తిరిగి మూడు. అంతవరకూ దివ్యంగా ఉన్నావిడ, కాలు తీసేసినావిడ, లేని పాదం మండుతోందని చెప్పి గట్టిగా ఏడ్చింది, మేమంతా వింటూ ఉండగా. ఎవరూ ఆవిణ్ణి ఊరుకోమనలేదు. నర్సు ఇంకో నర్సుని పిలిచింది, మందుల బండి రెండుసార్లు తిరిగింది, కుర్ర డాక్టర్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు.

ఆ గొడవలో మా పొద్దుటి టీ గంట ఆలస్యమైంది. చల్లారిపోయి వచ్చింది. దాని మీద కూడా ఫిర్యాదు చేశాం.

బెరిల్